పంచింది కాదు, పిల్లలకు వచ్చింది లెక్కపెట్టాలి

చాలా పథకాల నివేదికల్లో ముందు కనబడేది పంపకాల పట్టికే. ఇన్ని బ్యాగులు, ఇన్ని పుస్తకాలు, ఇంతమంది టీచర్లకు శిక్షణ. రెండో తరగతి పిల్లకు చదవడం వచ్చిందా అన్నది మాత్రం వెతికినా దొరకదు. పేద పిల్లల కోసం బడుల్లో నడిచే కార్యక్రమాలను మదింపు చేయడానికి ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు, పరిశోధకులు కలిసి ఏర్పడిన ఒక బృందం అందుకే మొదటి నియమం పెట్టుకుంది: పంచిన వస్తువును ఫలితం కింద రాయకూడదు.

ఈ పట్టుదలకు ఆధారం మన నేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ తదితరులు సర్కారు ప్రాథమిక బడుల్లో ఒక అధ్యయనం చేశారు. 200 బడులు తీసుకుని, లాటరీ పద్ధతిలో వాటిలో 100 బడులకు పిల్లల సామగ్రి కోసం డబ్బు ఇచ్చారు. మొదటి ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడూ డబ్బు వచ్చింది, మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. కారణం ఇళ్లల్లో బయటపడింది. నోటుబుక్కులు బడిలో ఇస్తారని ముందే తెలియడంతో తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. రోజుకూలీ మీద బతికే ఇంట్లో ఆ నాలుగు డబ్బులు మిగిలితే ఏ తల్లి వద్దంటుంది? ఆ ఊరటకూ విలువ ఉంది, కానీ అది చదువు కాదు. కాబట్టి ఏడాది ఫలితం చూసి పథకాన్ని మెచ్చుకోవడం ఈ బృందం చేయదు. ఇంటి ఖర్చు అడగకుండా బడి ఖర్చు లెక్క ముగించదు.

సగటు మార్కుతో సరిపెట్టుకోవడమూ ఉండదు. 1990లలో పశ్చిమ కెన్యా బడుల్లో ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇస్తే, అప్పటికే బాగా చదివే పిల్లలే లాభపడ్డారు. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష. ముంబయి, వడోదరల్లో ప్రథమ్ సంస్థ నడిపిన బాలసఖి కార్యక్రమంలో కథ తిరగబడింది. స్థానిక యువతులు వెనకబడిన పిల్లలను విడిగా కూర్చోబెట్టి అక్షరాలు, కూడికలు నేర్పితే ఎక్కువ మేలు జరిగింది ఆ పిల్లలకే. అయితే కార్యక్రమం ముగిసిన ఏడాదికల్లా ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. అందుకే చివరి పరీక్ష పెట్టి సర్దుకుని వెళ్లిపోవడం కుదరదు, ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి చూడాలి.

పరీక్ష ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని పెట్టాలి. ‘అల’, ‘వల’, ‘కల’ గడగడా చదివే పిల్ల ‘చెట్టు’ దగ్గర ఆగి ‘చెటు’ అంటుంది. గుంపుగా రాయించే పేపర్లో ఆ తడబాటు కనబడదు. పక్కవాడి పేపరు చూసి రాసేస్తుంది. ఆ ఒత్తు దగ్గర ఆగిన పిల్లే ఈ లెక్కలన్నిటికీ మూలం.

పరీక్ష రోజు రాని పిల్లలను జాబితాలోంచి కొట్టేయడం ఈ బృందం దృష్టిలో అన్యాయం. పాలమూరు నుంచి కూలికి వలసపోయిన ఇంటి పిల్లలు ఆ రోజు బెంచీ మీద ఉండరు. వాళ్లను తీసేస్తే సగటు పెరుగుతుంది, నివేదిక అందంగా కనబడుతుంది. వాళ్లెక్కడున్నారో కనుక్కుని పరీక్షించాలి. వీలుకాకపోతే ఎంతమంది దొరకలేదో మొదటి పేజీలోనే రాయాలి.

పథకం లేకపోయినా జూన్ నుంచి ఏప్రిల్ దాకా పిల్లలు ఎంతో కొంత నేర్చుకుంటారు. అందుకని పోలికకు పథకం ఇంకా అందని, అలాంటివే వేరే బడులు కావాలి. పోలిక పేరుతో ఎవరికీ సాయం ఎగ్గొట్టకూడదు. నిధులు అన్ని బడులకూ ఒకేసారి చాలనప్పుడు, ఈ ఏడు ఎవరికి, వచ్చే ఏడు ఎవరికి అన్నది ఊరి ముందు చీటీలు తీసి తేల్చాలి.

ఏం కొలుస్తారో, ఎంత మార్పు వస్తే పథకం పనిచేసినట్టో పని మొదలుకాకముందే రాసి బడి గోడకు అంటిస్తారు. ఫలితం ఎలా ఉన్నా బడి యాజమాన్య కమిటీ సమావేశంలో తల్లులకు తెలుగులో చదివి వినిపిస్తారు. చెడ్డ ఫలితాన్ని దాచిపెట్టాలని నిధులిచ్చేవాళ్లు షరతు పెడితే, ఆ ఒప్పందం మీద బృందంలో ఎవరూ సంతకం చేయరు.