కూర్చోబెట్టడమే ప్రేమ అనుకున్నాం



ఈ వారం ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెడుతున్నాం. మన సంఘంలో 78 ఏళ్ళ తల్లి ఒకరు ఉండేవారు. ఒకప్పుడు నాట్లలో ఆమెను దాటి ఎవరూ ముందుకు పోలేకపోయేవారు. ఒకరోజు గుమ్మం దగ్గర జారిపడ్డారు. ఎముక విరగలేదు గానీ భయం పట్టుకుంది. కోడలు అన్నం మంచం దగ్గరకే తెచ్చేది. కొడుకు బకెట్ కూడా మంచం పక్కనే పెట్టాడు. మేము వెళ్ళినప్పుడల్లా "మామ్మగారూ, మీరు లేవకండి, పడుకునే ప్రార్థన చేసుకుందాం" అనేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి ఇద్దరు పట్టుకుంటే గానీ ఆమె లేవలేకపోయారు. నిరుడు ప్రభువునందు నిద్రించారు. అంతా వయసు వల్లనే అనుకున్నాం. వయసు ఒక్కటే కాదు, మేము చూపించిన ప్రేమ కూడా ఆమె కాళ్ళను బలహీనం చేసిందని ఇప్పుడు తెలుస్తోంది.

కండ వాడితేనే నిలుస్తుంది. మంచం పట్టిన మనిషికి రోజురోజుకూ కరిగిపోతుంది. అయితే ముసలి కండ మళ్ళీ బలం పుంజుకోదనుకోవడం పొరపాటు. 1990లో వెలువడిన పరిశోధన ఒకటి ఉంది: అమెరికాలోని బోస్టన్‌లో, వృద్ధాశ్రమంలో ఉంటున్న 90 ఏళ్ళ ప్రాయంవారు 10 మందితో వైద్యులు కాళ్ళ బరువు వ్యాయామం మొదలుపెట్టారు. చివరిదాకా నిలిచినవారు 9 మంది. ఎనిమిది వారాల్లో వారి కాళ్ళ బలం సగటున రెట్టింపుకన్నా ఎక్కువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 65 దాటినవారు వారానికి కనీసం 2 రోజులు కండబలం కోసం, 3 రోజులు పడిపోకుండా నిలదొక్కుకోవడం కోసం వ్యాయామం చేయాలని చెబుతోంది.

"శరీర సాధన కొంచెం మట్టుకే ప్రయోజనమని పౌలు తిమోతికి వ్రాశాడు కదా అయ్యగారూ" అని కొందరు అడుగుతారు. పౌలు భక్తికి మొదటి చోటు ఇచ్చాడు, నిజమే. కానీ కొంచెం ప్రయోజనం ఉందని కూడా ఒప్పుకున్నాడు. అదే పత్రికలో తిమోతి కడుపు జబ్బుకు ఏం చేయాలో కూడా చెప్పాడు. ఒక తల్లి తనంతట తాను లేచి మరుగుదొడ్డికి వెళ్ళగలగడం, ఆదివారం తన కాళ్ళతో మందిరం మెట్లు ఎక్కగలగడం ఆ ఇంటికి కొంచెం ప్రయోజనం కాదు.

మతిమరుపు జబ్బు ఉన్నవారి సంగతి వేరుగా చెప్పాలి. వ్యాయామం చేయిస్తే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంగ్లండులో అలాంటి జబ్బు ఉన్న దాదాపు 500 మందిపై చేసిన పరిశోధన 2018లో వెలువడింది. వ్యాయామం వల్ల శరీర దారుఢ్యం పెరిగింది గానీ మతిమరుపు తగ్గలేదు. అబద్ధపు ఆశ చూపించడం దేవుని సేవ కాదు. మరి ఎందుకు చేయించాలి? పేర్లు మరచిన మనిషికి కూడా లేవడానికి కాళ్ళు కావాలి గనుక.

మేము వెళ్ళే ఒక ఇంట్లో 81 ఏళ్ళ రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. వెళ్ళిన ప్రతిసారీ మా పేరు అడుగుతారు. కానీ చిన్ననాటి కీర్తన ఎత్తుకుంటే ఒక్క చరణం తప్పరు. అందుకే కీర్తన పాడుతూ, చరణానికి ఒకసారి చొప్పున కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టడం మొదలుపెట్టాం. ఒకసారికి ఒకే మాట: "ముందుకు వంగండి మాస్టారూ." తరువాత: "లేవండి." ఆయనకు ఎదురుగా మేమూ లేచి చూపిస్తాం. రోజూ అదే వేళ, అదే కుర్చీ. ఇష్టం లేదంటే బలవంతం చేయం, టీ తాగాక మళ్ళీ అడుగుతాం. మూడు నెలలయ్యాక మాస్టారు చేతులు ఆనించి తనంతట తాను లేస్తున్నారు. మా పేరు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఇంట్లో ఎలా చేయించాలంటే, ముందు డాక్టరును అడగండి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఈమధ్య ఎముక విరగడం, ఆపరేషన్ ఉంటే అడగకుండా అసలు వద్దు. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. ముందుకు వంగి లేవాలి, మెల్లగా కూర్చోవాలి. మొదట 5 సార్లు చాలు, తరువాత 10. కూర్చునే ఒక్కొక్క కాలు చాపి దించడం రెండోది. కిటికీ ఊచలు పట్టుకొని మడమలు ఎత్తి దించడం మూడోది. అర లీటరు నీళ్ళ సీసా అర కిలో బరువు, చేతులకు అది చాలు. ఊపిరి బిగబట్టకూడదు. పక్కన ఒకరు తప్పక ఉండాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి.

అమాలేకీయులతో యుద్ధం రోజున మోషే చేతులు బరువెక్కాయి. అప్పటికి ఆయనకు దాదాపు 80 ఏళ్ళు. అహరోను, హూరు ఆయన్ను ఇంటికి పంపలేదు, కూర్చోవడానికి ఒక రాయి వేశారు. చెరో చెయ్యి పట్టుకొని ప్రొద్దు గుంకేదాకా ఆయన పక్కనే నిలబడ్డారు. చేతులెత్తే పని మాత్రం మోషేకే మిగిల్చారు. తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞకు ఇంతకన్నా మంచి బొమ్మ మాకు తెలియదు. పెద్దల పని లాక్కోకుండా, వారు చేసేదాకా పక్కన నిలబడే ఓపిక కావాలి. అన్నం మంచం దగ్గరకు తేవడం సులువు. పది అడుగులు నడిపించి వంటింట్లో వడ్డించడానికే టైము పడుతుంది.

వచ్చే వారం నుండి మంగళ, శుక్రవారాలు సాయంత్రం 5 గంటలకు మందిరంలో పెద్దల కోసం గోడ వెంబడి కుర్చీలు వేస్తాం. అరగంట కీర్తనలు, వ్యాయామం, చివర ప్రార్థన. ప్రతి పెద్దవారి వెంట ఇంటి నుండి ఒకరు రావాలి, యౌవనస్థులైతే మరీ మంచిది. రాలేనివారి ఇళ్ళకు మేమే వస్తాం. ఈసారి మా నోట "లేవకండి" అన్న మాట రాదు.

ప్రభువు మన పెద్దలను బలపరచునుగాక. ఆమేన్.

మీ కాపరి