రాళ్లు రొట్టెలు కాని చోట



భస్మ బుధవారంతో శ్రమల కాలం మొదలైంది. చాలా ఇళ్లలో మాంసం మానేశారు, సాయంత్రాలు ఉపవాస కూడికలు నడుస్తున్నాయి. ఈ రోజుల్లో శోధన గురించిన ప్రసంగాలు ఎక్కువగా మద్యం, సినిమాల దగ్గరే ఆగిపోతాయి. సంఘంలో పదవి కోసం, వేదికపై ముందు కుర్చీ కోసం పడే తాపత్రయం మాత్రం ఎవరికీ శోధనలా కనిపించదు! అందుకే ఈ సంచికను, అరణ్యంలో అపవాది యేసును శోధించిన మత్తయి సువార్త నాలుగో అధ్యాయం చుట్టూ అల్లుకున్నాం.

నలభై దినాల ఆకలి తర్వాత యేసు ఎదుట రాళ్లున్నాయి. రొట్టెలు చేసుకుంటే తప్పేముంది? తర్వాత అరణ్య ప్రదేశంలోనే అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదు వేలమందికి పైగా ఆకలి తీర్చినవాడాయన. శక్తి లేక కాదు, దాన్ని తన కోసం వాడుకోనన్నాడు. దేవాలయ శిఖరం మీదా, కొండ మీదా అదే తీరు. దేవుని కుమారుడివైతే రుజువు చేసుకో అన్న అపవాది సవాలు గొల్గొతాలో దారిన పోయేవాళ్ల నోట మళ్లీ వినబడింది. ఆయన సిలువ దిగి రాలేదు. శోధనను జయించిన బలమూ, తన్నుతాను ఇచ్చుకున్న ప్రేమా వేరువేరు కావని మా రచయితలు ఎవరి దారిలో వాళ్లు చెప్పుకొచ్చారు.

1941లో ఆష్విట్జ్ శిబిరంలో, భార్యాబిడ్డల కోసం విలపించిన తోటి ఖైదీకి బదులుగా ఆకలి చావుకు ముందుకొచ్చిన ఫాదర్ మాక్సిమిలియన్ కోల్బే గురించిన వ్యాసం కాస్త పెద్దదే. కుదించడానికి మాకు మనసొప్పలేదు. తీరిక చేసుకుని చదవండి. ఒప్పుకోని మాటలుంటే ఉత్తరం రాయండి, వచ్చే సంచికలో చోటు ఉంచాం.