కోలాటం ఆడే ఎలక్ట్రాన్లు

బెంగుళూరు పేరు చెబితే ఊళ్ళో మన బంధువులకి సాఫ్ట్‌వేరూ, ట్రాఫిక్కూ గుర్తొస్తాయి. నాకు 1987 జనవరి గుర్తొస్తుంది. ఆ నెల ఇక్కడ జరిగిన అంతర్జాతీయ సదస్సులో, 1977లో నోబెల్ అందుకున్న ఫిలిప్ ఆండర్సన్ గారు ఒక కొత్త ఊహను సభ ముందు పెట్టారు. దానిమీద వాదన ఈనాటికీ తెగలేదు.

మామూలు తీగలో కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది కదా! పాదరసాన్ని 4 కెల్విన్ దాకా, అంటే సున్నాకి 269 డిగ్రీల దిగువకి చల్లబరిస్తే ఆ నిరోధం మాయమవుతుందని 1911లో హాలెండులో తేలింది. అదే అతివాహకత్వం. కారణం 1957లో గాని తెలియలేదు. ఒక ఎలక్ట్రాన్ పోతూ పోతూ చుట్టూ ఉన్న అయాన్లను కాస్త తనవైపు లాగుతుంది. ఆ ఆకర్షణకి రెండోది వెంటవస్తుంది. అలా జంట కట్టినవాటికి అడ్డుండదు. కాని అది సున్నితమైన బంధం, కాస్త వేడి తగిలితే చాలు, తెగుతుంది.

1986లో జూరిక్‌లో బెడ్నార్జ్, ముల్లర్‌లు లాంథనం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పింగాణీలాంటి పదార్థంలో సుమారు 35 కెల్విన్ దగ్గరే అతివాహకత్వం చూశారు. మరుసటి ఏడాది అమెరికాలో ఇట్రియం వాడితే 93కి చేరింది. ద్రవ నైట్రోజన్ 77 దగ్గర మరుగుతుంది కనుక ఖరీదైన హీలియంతో పనిలేదు. మన ఐ.ఐ.ఎస్సి.లో సి.ఎన్.ఆర్. రావుగారి బృందం కూడా 1987లోనే ఈ పదార్థాలమీద పనిచేసింది.

విచిత్రమేమంటే, బేరియం కలపకముందు ఆ పదార్థం అసలు కరెంటునే పోనివ్వదు! పెళ్ళి పంక్తి తలచుకోండి. ప్రతి విస్తరి ముందూ ఒకరు కూర్చున్నారు. ఎవరూ లేవకపోతే ఎవరూ కదలలేరు. ఎలక్ట్రాన్లకి ఒకదాన్నొకటి చూస్తే గిట్టదు, ఒకే విస్తరి దగ్గర రెండు కూర్చోవు. బేరియం కొందరిని లేపుతుంది. ఖాళీలు ఏర్పడ్డాక కదలిక మొదలవుతుంది.

ఆండర్సన్ గారి ఊహ ఇక్కడిదే. పక్కపక్కనున్న ఎలక్ట్రాన్లు ఎదురెదురు స్పిన్‌లతో ముందే జంటలు కట్టి ఉంటాయట, కాని స్థిరమైన జంటలు కావు. కోలాటంలో చూడండి, క్షణక్షణం జోడీ మారుతుంది, అయినా కర్ర తగిలించడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఖాళీలు దొరకగానే ఆ జంటలే అడ్డులేకుండా ప్రవహిస్తాయి. అంటే అయాన్ల రాయబారం అక్కర్లేదు, ఎలక్ట్రాన్ల మధ్య ఉన్న వికర్షణే వాటిని కలుపుతుంది! నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే. తమిళనాడుకి చెందిన జి. భాస్కరన్ గారు ఆండర్సన్‌తో కలిసి ఆ ఏడాదే దీన్ని ముందుకు తీసుకువెళ్ళారు.

వికర్షణకి ఇందులో పెద్దపాత్ర ఉందని చాలామంది ఒప్పుకుంటారు. కోలాటం కథ అంతా నిజమేనా అన్నదగ్గరే పేచీ. ఆండర్సన్ గారు 2020లో కన్నుమూశారు, తీర్పు రాకుండానే. రాగి పదార్థాలు 1993లో 133 కెల్విన్‌ని అందుకున్నాయి. అయినా ఆసుపత్రిలో మనం చూసే ఎం.ఆర్.ఐ. యంత్రాలు చాలావరకు పాత నియోబియం తీగలతో, హీలియం చలితోనే నడుస్తున్నాయి. పింగాణీని తీగలా సాగదీయడం అంత సులభమా మరి!