సిద్దిపేట హాల్లో సముద్రమా?

యూట్యూబ్ పుణ్యమా అని మన ఐటీ జనాలకి కొత్త సరదా ఒకటి పట్టుకుంది: రీఫ్ ట్యాంక్. నీలం లైటు కింద మెరిసే పగడాలు, మధ్యలో క్లౌన్ ఫిష్. 2023లో సిద్దిపేటలోనూ ఐటీ టవర్ మొదలైంది. ఊళ్ళోనే ఉద్యోగం, సొంతిల్లు, పెద్ద హాలు... ఇక నాలుగడుగుల ట్యాంకు పెట్టి స్టోనీ కోరల్స్ పెంచితే ఎలా ఉంటుందన్న ఆలోచన రావడం సహజమే. నా మటుకు నాకు అది వద్దనే అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందుగా, కుజుడికని ఉంగరంలో పెట్టించుకునే ఎర్ర పగడం వేరు, ఇది వేరు. స్టోనీ కోరల్ అంటే చాలావరకు చిట్టి చిట్టి జీవుల కాలనీ. అవి నీళ్ళలోని కాల్షియం, కార్బొనేటు లాక్కుని తమ కింద సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు వెలుతురుతో తిండి వండిపెడుతుంది. నీళ్ళు వేడెక్కితే ఆ నాచు బయటికి పోయి పగడం తెల్లగా పాలిపోతుంది. బ్లీచింగ్ అంటే అదే.

కాబట్టి ఇది షోపీసు కాదండీ, మెయింటెనెన్స్ విండో అన్నదే లేని ప్రొడక్షన్ సర్వరు. నీళ్ళు 25-26 డిగ్రీల్లో ఉండాలి. కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాముల దగ్గర నిలబడాలి, ఆల్కలినిటీ ఊగకూడదు. సిద్దిపేట ఎండాకాలంలో బయట 42 డిగ్రీలు కొడుతుంటే చిల్లర్ ఆడుతూనే ఉండాలి. సముద్రం చూస్తే సుమారు 300 కిలోమీటర్ల దూరం, బోరు నీళ్ళు పనికిరావు. ఆర్వో నీళ్ళలో ప్రత్యేకమైన ఉప్పు కలుపుకోవాల్సిందే.

"సెన్సర్లు పెట్టి ఆటోమేట్ చేస్తాం, బ్యాకప్ పెడతాం" అంటారు. చేస్తారు, అనుమానం లేదు. అసలు అడ్డంకి అది కాదు, చట్టం. రీఫ్ కట్టే స్టోనీ కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. అంటే పులి ఉన్న జాబితాలోనే అన్నమాట. 2022 సవరణ తర్వాత కూడా అక్కడే ఉన్నాయి. షెడ్యూల్ 1 జంతువుల విషయంలో నేరానికి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు జైలు. ఏదో షాపులో దొరుకుతోంది కదా అని అది సక్రమం అయిపోదు.

మరి అమెరికాలో మనవాళ్ళు పెంచుతున్నారుగా? నిజమే. అక్కడ ఫ్రాగ్ అనే చిన్న ముక్కని తల్లి కాలనీ నుంచి విరిచి రాయికి అంటిస్తే అది మళ్ళీ పెరుగుతుంది. ఆ ముక్కలే చేతులు మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ సముద్రం జోలికి పోనక్కర్లేదు. మనదగ్గర ఆ తేడా చూపించే ఏర్పాటు లేదు. ట్యాంకులో పుట్టిన ముక్కకీ, మన్నార్ సింధుశాఖలో విరగ్గొట్టి తెచ్చిన ముక్కకీ నీలం లైటు కింద తేడా ఏం తెలుస్తుంది? ఆ మన్నార్‌లోనే ఒకప్పుడు సున్నం కోసం, కట్టడాల కోసం పగడాల్ని తవ్విపోశారు. దానికి తోడు వేడి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్‌ని ప్రకటించారు. ఇలాంటప్పుడు చట్టం కాస్త మొండిగా ఉండటమే మంచిది.

అలాగని పగడాల్ని పెంచాలన్న తపన తప్పని అనను. 2020 జనవరిలో గుజరాత్‌లోని మిఠాపూర్ తీరంలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అక్కడి అటవీశాఖ కలిసి బయోరాక్ పద్ధతి మొదలుపెట్టాయి. నీళ్ళలో ఇనుప చట్రానికి తక్కువ వోల్టేజి కరెంటు ఇస్తే దాని మీద సున్నం పేరుకుంటుంది, దానికి పగడపు ముక్కలు కడతారు. మనకొచ్చిన సెన్సర్ల విద్య, డేటా విద్య అలాంటి చోట అక్కరకొస్తాయి.

అడగదల్చుకుంటే ఇంకొకటి అడగొచ్చు. లైసెన్సు ఉన్న నర్సరీలు, ప్రతి ముక్కకీ తల్లి కాలనీ నుంచి ఒక లాగ్. దొంగ ముక్క ఏదో, పెంచిన ముక్క ఏదో తేలే పద్ధతి వస్తే నేనూ ఒక ట్యాంకు కొంటాను. అందాకా మొక్కలు పెంచే మంచినీళ్ళ ట్యాంకు చాలు, హాలుకి అందానికి అందం, రాత్రి నిద్రకి నిద్ర. ఏమంటారు?