ఉచిత చీరతో సరిపెట్టుకోవద్దు

సూరత్ బమ్రోలిలో మగ్గాల మోత మధ్య చీరల మీద తెలుగులో రీల్స్ చేయాలనుకునే మన పద్మశాలి పిల్లలకు ఒక మాట. ‘కొలాబ్ చేద్దామా సార్’ అని వ్యాపారికి ఒక్క ముక్క మెసేజ్ పెట్టి, ఇచ్చిన చీర పుచ్చుకుని ఊరుకోకండి. మీ వీడియోలు కరీంనగర్, వరంగల్‌లో ఎందరు చూస్తున్నారో ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ పంపండి. ‘రేటెంత అక్కా, కొరియర్ ఉందా’ అని అడిగిన కామెంట్లు చూపండి. లక్ష మంది ఫాలోవర్ల కన్నా షాపుకు పనికొచ్చేది ఆ అడిగే జనమే. రీల్‌కి ఇంత, దాన్నే వాళ్లు యాడ్‌గా వాడుకుంటే అదనంగా ఇంత అని ముందే రాసివ్వండి, మొహమాటపడొద్దు. డబ్బు తీసుకున్నా, చీర తీసుకున్నా వీడియో మీద ‘ప్రకటన’ అని వేయాల్సిందే. తప్పుదారి పట్టించే ప్రచారానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.