బోగోలు వచ్చింది, బిట్రగుంట రాలేదు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి సంచాలకుల వారికి,

నెల్లూరు జిల్లా బోగోలు నుంచి రాస్తున్నాను. చిన్న తరగతులకు చదువు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు సాయంకాలాలు మా అరుగు మీద పదిమంది పిలకాయల్ని కూర్చోబెట్టుకుంటున్నాను. అందరూ నాలుగు, ఐదు తరగతుల వాళ్లే.

మొన్న ఐదో తరగతి వాడొకడు తెలుగు పాఠం గడగడా చదివాడు. అనుమానమొచ్చి పుస్తకం మూసేశాను. అయినా ఆగలేదు! పలక మీద ‘బోగోలు’ అని రాస్తే చదివాడు. ‘బిట్రగుంట’ అని రాశాను. బి... ట... ర... అని నా మొహంలోకి చూశాడు. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డుతో వెలిగిన స్టేషన్ అది, మా మండలంలోదే. ఆ పసుపచ్చ బోర్డు కింద వీడు ఎన్నిసార్లు రైలెక్కి ఉంటాడో.

వాడికి అక్షరాలు వచ్చు, గుణింతాలూ వచ్చు. ఒత్తు దగ్గర ఆగాడు. నా దగ్గరికొచ్చే పదిమందిలో ఏడుగురు ఆగిందీ అక్కడే. ‘రాత్రి’ని ‘రాతిర’ అంటారు. వాళ్ల అవ్వ ఇంట్లో ‘రాతిరి’ అనే అంటుంది కాబట్టి అది వాళ్లే సర్దుకుంటారు. ‘శక్తి’కి అలాంటి ఆసరా లేదు. గుడి ఏమో ‘క’ నెత్తిన ఉంటుంది, పలకాల్సింది కిందున్న ‘త’తో. ఈ కిటుకు విప్పి చెప్పకపోతే ‘శకిత’ అన్న పిల్లవాడి లెక్కే సబబు. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. వీటిని నేనూ రెండో తరగతిలో నాలుగు రోజులు చెప్పి దాటించేసినవాణ్ణే. తరగతి మొత్తంచేత ఒక్కసారిగా చదివిస్తే ముప్పై గొంతుల్లో ముగ్గురి చదువు వినపడుతుంది. మిగతావి పెదాల కదలికలే. అది తెలుసుకోవడానికి నాకు రిటైర్మెంట్ కావాల్సి వచ్చింది.

ఇది మా అరుగు సంగతే అయితే మీకు రాసేవాణ్ణి కాదు. ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని ఒక్కొక్కరినీ చదివించి చూసే అసర్ సర్వేలో, రెండో తరగతి పాఠం చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు మన రాష్ట్ర పల్లెల్లో 2018లో 59.3 శాతం. 2022లో 36.3 శాతం. మధ్యలో కరోనా ఉంది, నిజమే. కానీ కరోనాకు ముందు కూడా నూటికి నలభైమంది ఒడ్డునే ఉన్నారు గదా. 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ గురి, మూడో తరగతి అయ్యేసరికి పిల్లలకు చదవడం రావాలని. మంచి గురే. ఆ గీత దాటి వచ్చేసిన వాళ్ల కోసం అడుగుతున్నాను.

రోజుకొక గంట 3, 4, 5 తరగతుల్ని కలిపేసి, వయసు చూడకుండా, చదివే స్థాయిని బట్టి జట్లు చేసే పద్ధతి ప్రథమ్ సంస్థ చాలా రాష్ట్రాల్లో నడిపి చూపించింది. ఆ గంటను టైంటేబుల్లో పెట్టించండి. ఏ సర్క్యులరొచ్చినా ఆ గంట జోలికి రాకూడదు.

అసలు కొరత పుస్తకానిది. ఒత్తుల్లో ఆగిన పదేళ్లవాడికి మనం మళ్లీ అరటి, ఆవు చేతికిస్తున్నాం. వాడు అమ్మకు చేపల లెక్క చెబుతాడు, తమ్ముణ్ణి సైకిలెక్కించుకుని జువ్వలదిన్నె హార్బర్ దాకా వెళ్లొస్తాడు. ఆవు బొమ్మ చూసి సిగ్గుపడి పుస్తకం దాచేస్తాడు. మా జిల్లాకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమపు వాచకంలో సారా తాగుడు మీద పాఠం పెట్టారు. మాకు పడమరగా, కలిగిరి మండలం దూబగుంటలో ఆ వాచకం చదివిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా బందైంది. ‘తల, వల’ దగ్గరే ఆపి ఉంటే వాళ్లు రాత్రిబడికి మూడోరోజు వచ్చేవారా?

అలాంటి పుస్తకమే మా పిలకాయలకూ కావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఎందుకు ఆపుతారు? బోటుకు లైసెన్సు ఎవరిస్తారు? తుపాను హెచ్చరిక జెండా ఏం చెబుతుంది? ఈ ప్రశ్నల జవాబుల్లోనే లైసెన్సు, సముద్రం, హెచ్చరిక అన్న మాటలొస్తాయి, ఒత్తులు వాటి వెంటే వస్తాయి. పేజీకి నాలుగైదు వాక్యాలు చాలు. ఒక పాఠానికి ఒకే ఒత్తు. ఉత్తరాంధ్రకు, సీమకు వేరే పాఠాలు కావాలంటారేమో, రాయించండి. ఒక రాష్ట్రానికి ఒకే పుస్తకం ఉండాలని ఎక్కడుంది?

అక్షరాలు పెద్దవిగా వేయించండి. బొమ్మల్లోని పిలకాయలు మాత్రం ఆరేళ్లవాళ్లు కాకూడదు. అట్ట మీద ‘ఒకటో తరగతి’ అన్న మాట అసలే వద్దు. పదేళ్లవాడు దాన్ని చంకలో దాచకుండా, చేతబట్టుకుని బజార్లో నడిచి రాగలగాలి.

ఇట్లు,
రిటైరైన ఒక ఉపాధ్యాయుడు,
బోగోలు