కొనకుండా తిరిగే బజారు

మా అమ్మ ఆరు నెలలుందామని అమెరికా వచ్చింది. ఇక్కడ కారు లేనిదే గడప దాటలేం. మధ్యాహ్నం పూట ఫోన్‌లో టెమూ తెరిచి గిన్నెలూ, గాజులూ, దిండు గలీబులూ చూస్తూ కూర్చుంటుంది.

"ఏం కావాలో చెప్పమ్మా, అమెజాన్‌లో తెప్పిస్తాను" అన్నాను.

"ఏం కావాలో తెలిస్తే ఇంక చూడ్డమెందుకురా?" అంది.

నిజమే. 1995లో పుస్తకాలమ్ముతూ తెరుచుకున్న అమెజాన్, పేరు చెప్పి అడిగేవాళ్ల కొట్టు. 2010లో పుట్టిన విష్, 2022లో అమెరికాలో అడుగుపెట్టిన టెమూ అలా కాదు. వెతకనక్కర్లేదు, వేలితో జరుపుకుంటూ పోవడమే. సాయంత్రం బెజవాడ బీసెంట్ రోడ్డులో నడిచినట్టు. అమ్మ ఇక్కడ పోగొట్టుకున్నది ఆ నడకే. అందుకే వీటిని చవకబారు సరుకని తీసిపారేయలేను. పెద్ద కొట్టుకి పోటీ ఉండటమూ మంచిదే.

కానీ బీసెంట్ రోడ్డుకి ఒక చివరుంది. కాళ్లు నొప్పెడితే ఇంటికొచ్చేస్తాం. ఈ వీధికి చివర లేదు. పైగా అక్కడ మనం కొట్లని చూస్తాం, ఇక్కడ కొట్టే మనల్ని చూస్తుంది. ఇవాళ దేన్ని నొక్కామో గుర్తుపెట్టుకుని, రేపు అలాంటివే ముందు పరుస్తుంది.

అమ్మ ఇంతవరకూ ఒక్కటీ కొనలేదు. బేరమాడటానికి ఎదురుగా మనిషి లేకపోతే ధర మీద నమ్మకం కుదరదట. నిన్న అర్ధరాత్రి అక్కర్లేని మూడు కేబుళ్లు కొన్నది నేను.

ఈ ఆదివారం ఫోన్లు ఇంట్లో పడేసి అమ్మని ఫ్లీ మార్కెట్‌కి తీసుకెళ్తున్నాను. ఏమీ కొనకపోయినా ఫరవాలేదు.